పడగొట్టిన ఇల్లు ఎక్కడికి పోతుంది?

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



ఈ వేళ మీతో మాట్లాడబోయేది పచ్చడి గురించీ కాదు, పసిపిల్లల పెంపకం గురించీ కాదు. సిమెంటు గురించి, సున్నం గురించి, పాత ఇంటి ముక్కల గురించి. "అవన్నీ మగవాళ్ళ వ్యవహారాలు, మనకెందుకమ్మా" అంటారేమో. ఇల్లు కట్టేటప్పుడు మగవాళ్ళ వ్యవహారమే కావచ్చు. కట్టాక ఆ కప్పు కింద పొద్దస్తమానం ఉండేది మనమూ, మన పిల్లలూను. కనుక కాసేపు ఓపికగా వినండి.

మాది బాపట్ల దగ్గర, సముద్రపు గాలి తగిలే ఊరు. నేను కొత్త కోడలిగా అడుగుపెట్టినప్పుడు మా అత్తవారిల్లు పాత మిద్దె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమ కొట్టుకుపోయింది, మా వైపు కూడా తాటాకిళ్ళు నేలమట్టమయ్యాయి. ఆ రాత్రి చూసినవాళ్ళకి శ్లాబు ఇల్లంటే ప్రాణానికి పూచీ అనిపించడంలో వింతేముంది? మరుసటి ఏడే మా మామగారు మిద్దె పక్కన రెండు గదుల శ్లాబు వేయించారు. ఏటి ఇసుక బండికి ఖరీదెక్కువ. పక్కనే ఉన్న దిబ్బల ఇసుక చవక. మేస్త్రీ "ఏం ఫరవాలేదండీ, ఇసుక ఇసుకే" అన్నాడు. డబ్బు మిగులుతుందని మేమూ తలూపాం. నూతి నీళ్ళు కాస్త ఉప్పన, ఆ నీళ్ళతోనే కలిపారు.

నిరుడు ఒక మధ్యాహ్నం మా మనవరాలిని ఉయ్యాలలోంచి తీసి అలా వసారాలోకి వచ్చానో లేదో, వెనక దభీమని చప్పుడు. కప్పు నుంచి చేటంత పెచ్చు ఊడి ఉయ్యాలలో పడింది. పైకి చూస్తే ఇనుప ఊచలు ఎర్రగా తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలుతున్నాయి. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

ఇక పడగొట్టక తప్పదని తేలాక మా మరిది ఒక మాట అన్నాడు. "వదినా, ఈ ముక్కల్ని పట్నంలో మరల మీద కంకరలా ఆడిస్తున్నారట. ఈ శ్లాబునే ఆడించి కొత్త శ్లాబులో పోసేస్తే సగం కంకర ఖర్చు మిగిలిపోతుంది కదా?"

మాట సబబుగానే ఉంది. కానీ నా మనసు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో చెప్పాలంటే మీకు కొంత చరిత్ర చెప్పాలి. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని, చరిత్రలోకి వెళ్ళకుండా ఏ సంగతీ చెప్పలేను. క్షమించాలి.

పాత కట్టడం పడగొట్టి కొత్తదానిలో కలపడం ఇవాళ పుట్టిన తెలివి కాదు. మన గుంటూరు సీమలో దానికి రెండు వందల ఏళ్ళకు పైబడిన కథ ఉంది. ఆ కథ వింటే సంతోషం కొంత, దుఃఖం కొంత.

1790ల చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు చింతపల్లి విడిచి అమరావతికి వచ్చి కొత్త పట్నం కట్టడం మొదలుపెట్టారు. పట్నానికి రాయి కావాలి, ఇటుక కావాలి, సున్నం కావాలి. ఊరి పక్కనే దీపాలదిన్నె అని పెద్ద దిబ్బ. తవ్వితే కావలసినంత ఇటుక, తెల్లటి చెక్కడపు రాళ్ళు. అది రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధస్తూపమని అప్పుడక్కడ ఎవరికీ తెలియదు. 1797లో కాలిన్ మెకంజీ అనే దొర విని చూడవచ్చాడు. ఆయన 1816లో మళ్ళీ వచ్చి ఆ శిల్పాల బొమ్మలు గీయించేనాటికి దిబ్బ నడిమి భాగం చెరువుకోసం తవ్వేసి ఉంది. కొన్ని రాళ్ళు మెట్లయ్యాయి, గోడలయ్యాయి. కొన్ని సున్నపు బట్టీలో పడ్డాయి.

సున్నపు బట్టీ మాట విని మీరు ఉలిక్కిపడి ఉంటారు. అమరావతి శిల్పాలు చెక్కిన రాయి మన పల్నాటి సున్నపురాయే. దాన్ని బాగా కాలిస్తే సున్నమవుతుంది, నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగుతుంది. బుద్ధుని కథ చెక్కిన రాయైనా, చేలో దొరికిన రాయైనా బట్టీకి ఒకటే. నిప్పుకు శిల్పం తెలియదు కదా! అలా ఎన్ని జాతక కథలు గోడలకు వెల్లగా మారాయో లెక్క లేదు. మిగిలినవాటిలో 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి తీసినవి మద్రాసుకు, అక్కడినుంచి 1859లో లండనుకు వెళ్ళాయి. తర్వాత దొరికినవి మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. మన ఊళ్ళో సున్నమైనవి మాత్రం ఎక్కడా లేవు.

భట్టిప్రోలు సంగతి ఇంకా మన ఇంటి పక్క సంగతి. 1852లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట మొదలై 1855కు పూర్తయింది. ఆర్థర్ కాటన్ దొర ఆలోచన, కట్టించినవాడు కెప్టెన్ ఓర్. డెల్టాకి కాలవలొచ్చాయి, లాకులొచ్చాయి, తూములొచ్చాయి, రోడ్లొచ్చాయి. మన తాతముత్తాతల గాదెలు నిండాయి. అది కాదనలేం. కానీ రోడ్డుకు కంకర కావాలి. డెల్టాలో రాయెక్కడిది? అంతా ఒండ్రుమట్టి. కనుక భట్టిప్రోలు దిబ్బలోని పెద్ద పెద్ద ఇటుకలు తవ్వి, పగలగొట్టి రోడ్ల మీద పరిచారు. స్తూపానికి తాపిన పాలరాయి పలకలు వెల్లటూరు తూములోకి పోయాయి. ఘంటసాల, గుడివాడ దిబ్బలకూ అదే గతి.

1892లో అలెగ్జాండర్ రీ వచ్చి తవ్వేనాటికి మిగిలింది మొదలు మాత్రమే. ఆ మొదట్లోనే మూడు రాతి భరిణెలు దొరికాయి. లోపల స్ఫటికపు భరిణెలు, ధాతువులు, బంగారు పూలు. ఆ రాతి భరిణెల మీద ఉన్న బ్రాహ్మీ అక్షరాలు మన దక్షిణదేశంలో దొరికిన చాలా పాత రాతల్లో చేరతాయి. వాటిని బ్యూలర్ అనే జర్మను పండితుడు చదివాడు. కూలీల గడ్డపార ఇంకో పది అడుగులు లోతుకు దిగి ఉంటే ఆ అక్షరాలు కూడా ఏ బండిచక్రం కిందో నలిగిపోయేవి.

నూరేళ్ళు తిరిగేసరికి ఇదే సీమలో మరొక ఆనకట్ట వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఈసారి మాత్రం నీళ్ళు రాకముందే 1954 నుంచి 1960 వరకు లోయంతా తవ్వి చూశారు. ముఖ్యమైన కట్టడాల్ని విడదీసి కొండమీదికి చేర్చి తిరిగి కట్టారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ళ నడుమ లంక. 1967లో ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. మన పత్తి, మిరప చేలకు నీరు వచ్చింది, ఆ ఇటుకలు కంకర కాకుండా మిగిలాయి. ఒక తప్పు నుంచి నేర్చుకోడానికి మనకు నూరేళ్ళు పట్టింది.

ఇదంతా విని "పాత ఇటుక వాడడమే పాపం" అని చెబుతున్నానని అనుకోకండి. అలా అంటే మన పెద్దవాళ్ళని అన్నట్టే.

మా అత్తగారు చెప్పేవారు, ఆ పాత మిద్దె ఎలా వేశారో. దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చేవారు. దాని మీద ఇటుక జల్లి. ఆ జల్లికి కొత్త ఇటుక ఎవరు పగలగొడతారు? ఆవంలో విరిగినవీ, పాత గోడలు పడగొట్టగా వచ్చినవీ పోగేసి సుత్తులతో కొట్టేవారు. దాన్ని గానుగ సున్నంతో కలిపేవారు. గుండ్రటి గుంటలో ఎడ్లు రాతిచక్రం తిప్పుతుంటే సున్నమూ ఇసుకా వెన్నలా నలిగేది. కప్పు మీద ఆ మిశ్రమం పోసి, ఆడకూలీలు వరుసగా కూచుని చెక్కబద్దలతో రోజుల తరబడి కొట్టేవారు. బెల్లపు నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చిలకరిస్తూ, పదాలు పాడుకుంటూ. "ఆ దెబ్బల చప్పుడు ఆగితే కప్పు కారినట్టే లెక్క అమ్మాయ్" అనేవారు ఆవిడ. మద్రాసు టెర్రస్ అని ఇంజనీర్లు దానికి పేరు పెట్టారు. కొట్టింది మాత్రం మన ఆడవాళ్ళే.

ఆ ఇటుక ముక్కల్లో ఒక రహస్యం ఉంది. మట్టిని ఓ మోస్తరుగా కాలిస్తే అందులోని సిలికా, అల్యూమినా మేలుకుంటాయి. ఆ ఇటుకను మెత్తగా పొడిచేసి సున్నంలో కలిపితే రెండూ ఏకమై నీళ్ళకు కరగని గట్టి పదార్థం అవుతుంది. దీనినే సుర్కీ అన్నారు. ఒట్టి సున్నం గాలికి గట్టిపడుతుంది గాని, నీళ్ళలో నిలవదు. సుర్కీ కలిస్తే నీళ్ళలోనే గట్టిపడుతుంది. మన నూతులకీ, తొట్లకీ, వంతెనలకీ అదే. రోము దేశంలో విట్రూవియస్ అనే వాస్తుకారుడు రెండు వేల ఏళ్ళ కిందటే, ఏటి ఇసుకా సముద్రపు ఇసుకా వాడేటప్పుడు మూడోవంతు పెంకుల పొడి కలపమని రాసిపెట్టాడు. చూశారా, ఎక్కడి రోము, ఎక్కడి బాపట్ల!

1945లో యుద్ధం ముగిసేసరికి జర్మనీ నగరాలన్నీ ఇటుకల గుట్టలు. మగవాళ్ళు చనిపోయారు, కొందరు ఖైదులో ఉన్నారు. తలకు గుడ్డ కట్టుకుని, చేతిలో సుత్తి పట్టుకుని, వరుసగా నిలబడి బకెట్లు అందించుకుంటూ ఇటుకలకు అంటిన సున్నం గీకింది ఆడవాళ్ళు. వాళ్ళని అక్కడ శిథిలాల స్త్రీలు అన్నారు. ఇటుక బాగుంటే గోడలోకి, విరిగితే మరలో ఆడించి కాంక్రీటులోకి. ఇటుక ముక్కల కాంక్రీటు ఎలా చేయాలో 1951లో ప్రభుత్వ ప్రమాణం కూడా వచ్చింది. మన మద్రాసు టెర్రస్ కూలీలకీ, ఆ బెర్లిను ఇల్లాలికీ చుట్టరికం ఉన్నట్టే కదా?

మరి నా మనసు ఎందుకు ఒప్పుకోలేదంటారా? పాత మిద్దెలో ఇనుము లేదు. కొత్త శ్లాబులో ఉంది. తేడా అంతా అక్కడే.

సిమెంటు కూడా సున్నపురాయి బిడ్డే. పల్నాటి రాయితో మాచర్లలో 1958 నుంచి సిమెంటు తయారైంది. అమరావతి శిల్పమూ, అమరావతి సున్నమూ, మాచర్ల సిమెంటూ ఒకే రాతి తోబుట్టువులు. సిమెంటు గట్టిపడినప్పుడు లోపల బోలెడు సున్నం మిగిలి, ఘాటైన క్షారంగా ఉంటుంది. ఆ క్షారంలో ఇనుప ఊచకు పైన సన్నటి పొర ఏర్పడి తుప్పు పట్టదు. తల్లి కొంగు చాటున బిడ్డలాగా. కాని గాలిలోని బొగ్గుపులుసు వాయువు సన్నటి రంధ్రాల్లోంచి ఏళ్ళ తరబడి లోపలికి పోతూ ఆ క్షారాన్ని చంపుతుంది. అది ఊచదాకా చేరిన రోజు కొంగు తొలగిపోతుంది. ఇనుము తుప్పైతే రెండింతలు మొదలు ఆరింతల వరకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు కాంక్రీటు పగిలి పెచ్చుగా ఊడుతుంది.

ఉప్పు సంగతి ఇంకా దారుణం. క్షారం బాగానే ఉన్నా సరే, ఉప్పు ఊచ మీది పొరను చిల్లులు పొడుస్తుంది. మా ఇంట్లో ఉప్పు బయటినుంచి రానవసరం లేకపోయింది. ఇసుకతోనూ నీళ్ళతోనూ మేమే కలిపి పోసుకున్నాం!

మూడో శత్రువు గంధకపు లవణాలు. కొన్ని నల్లరేగడి నేలల్లో, చౌడు నేలల్లో ఉంటాయి. గోడకు పూసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లోనూ ఉంటాయి. తడి తగిలితే సిమెంటుతో కలిసి లోపలే స్ఫటికాలు కట్టి ఉబ్బుతాయి. పునాది రాయి మధ్య సిమెంటు పిండిలా రాలడం మీలో కొందరు చూసే ఉంటారు.

ఇప్పుడు మా మరిది మాట తీసుకోండి. పాత శ్లాబును మరలో ఆడిస్తే వచ్చే కంకర కొత్త కంకరలా ఉండదు. ప్రతి రాతి ముక్కకీ పాత సిమెంటు అంటుకుని ఉంటుంది, ఇడ్లీ గిన్నెకు అంటిన పిండిలాగా. అది బోలుబోలుగా ఉండి నీళ్ళు పీలుస్తుంది. మన కొండరాతి కంకర నూటికి ఒక పాలు నీళ్ళు పీలిస్తే గొప్ప. ఇది మూడు నుంచి పది పాళ్ళ దాకా పీలుస్తుంది. నీళ్ళు పోయే దారిలోనే గాలీ పోతుంది, ఉప్పూ పోతుంది. ఊచకు రావలసిన కష్టం తొందరగా వస్తుంది. ఇదొక్కటే అయితే సర్దుకోవచ్చు. మా శ్లాబులో అసలే ఉప్పుంది. దాన్ని ఆడించి కొత్త శ్లాబులో పోస్తే, కొత్త పాలకుండలో పాత తోడు వేసినట్టే. పాత రోగం కొత్త ఇంట్లో తోడుకుంటుంది.

మా అక్క కూతురు సివిల్ ఇంజనీరు. నా గోడు విని ఇంటికి వచ్చి, విరిగిన శ్లాబు ముక్క మీద ఏదో మందు చల్లింది. లోపలి భాగం గులాబీరంగుకు తిరిగింది, పైన అంగుళం మేర తెల్లగానే ఉండిపోయింది. "పిన్నీ, రంగు వచ్చినంత మేర క్షారం ఉంది. రానిచోట చచ్చిపోయింది" అంది.

నాకు నవ్వొచ్చింది. "ఓసి పిచ్చిదానా, దీనికి మందెందుకే? పసుపు లేదూ?" అన్నాను. మనం హారతికి ఎర్రనీళ్ళు ఎలా చేస్తాం? పసుపులో సున్నం వేస్తే ఎరుపు. సున్నంలోని క్షారమే ఆ రంగు తెప్పించేది. దుగ్గిరాల పసుపు నీళ్ళలో కలిపి అప్పుడే విరిచిన ముక్క మీద పోశాం. లోపల ఎర్రబడింది, పైన పచ్చగానే ఉంది. అది కూడా ముక్కు మీద వేలేసుకుంది.

కాని ఒకటి గుర్తుంచుకోవాలి. పసుపు క్షారాన్ని చెబుతుందే గాని ఉప్పును పట్టుకోలేదు. ఎర్రబడింది కదా అని మురిసిపోతే మోసపోతాం. ఉప్పుకు వేరే పరీక్ష ఉంది, ముక్క పొడిచేసి లాబొరేటరీకి ఇవ్వాలి. మేం ఇచ్చాం. ఉప్పు ఉండవలసినదానికన్నా చాలా ఎక్కువ అని వచ్చింది. మా మరిది ఆ కాగితం రెండుసార్లు చదివి, "సరే వదినా" అని ఊరుకున్నాడు.

అలాగని ముక్కలన్నీ చెరువులో పోయమని కాదు. అందరూ అదే చేసి చెరువులు పూడ్చేశారు. చట్టం కూడా ఊరుకోలేదు. పడగొట్టిన సరుకును ఎక్కడపడితే అక్కడ పొయ్యకూడదని 2016లో నియమాలు వచ్చాయి. కంకరకు సంబంధించిన 383 నంబరు భారత ప్రమాణాన్ని అదే 2016లో సవరించి పాత కాంక్రీటు కంకరకు చోటిచ్చారు. ఇనుము లేని మామూలు కాంక్రీటులో నూటికి 25 పాళ్ళ వరకు. ఇనుము ఉన్నదానిలో, అదీ ఎం 25 రకం వరకే, 20 పాళ్ళ వరకు. పునాది కింద పోసే పేద కాంక్రీటులో నూటికి నూరూ వాడుకోవచ్చు. ఎంత బరువు మోయాలో, ఎంత ఇనుమును కాపాడాలో దాన్నిబట్టి పాలు నిర్ణయించారన్నమాట. ఆ మాత్రం వాడినా, సరుకు శుభ్రంగా ఉండాలి, ముందుగా తడపాలి, నీళ్ళు తగ్గించి కలపాలి.

ఇంకో మంచి మాట. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనులో బొగ్గు కాలగా వచ్చే బూడిద ఉంది చూశారూ, దాన్ని సిమెంటులో కలిపితే మిగులు సున్నంతో ఏకమై రంధ్రాల్ని పూడుస్తుంది. అది మన సుర్కీ చేసిన పనే. ఎడ్లగానుగ పోయింది గాని, ఆ తెలివి పోలేదు.

మేమేం చేశామో చెప్పి ముగిస్తాను. కొత్త శ్లాబుకు కొండరాతి కంకర, ఏటి ఇసుక, మంచినీళ్ళు. మనుమడు బడికి పోయేముందూ, వచ్చాకా కప్పు మీద కట్టిన నీళ్ళు చూసి వచ్చేవాడు. పాత శ్లాబు ముక్కలు ఇనుము లేని చోటికే పంపాం. దొడ్లో మిరపకాయలు ఆరబోసుకునే కల్లానికి అడుగున పోసి పైన సన్నగా గచ్చు వేయించాం. ఉప్పు ఉన్నా అక్కడ తుప్పు పట్టడానికి ఊచ లేదు. కల్లం నూతికి దూరంగా ఎత్తు మీద వేయించాం, ఆ ఉప్పు నీళ్ళలోకి దిగకుండా. పాత మిద్దె తాలూకు ఇటుక జల్లి మాత్రం ఇంటి ముందు అరుగులోకి పోయింది. అత్తగారు విన్న ఆ చెక్కబద్దల చప్పుడు ఆ అరుగులో ఉందని నాకనిపిస్తుంది.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో పాత ఇల్లు పడగొడుతుంటే, మేస్త్రీని రెండు ప్రశ్నలు అడగండి. "ఈ ముక్కల్లో ఏముంది? ఇవి ఎక్కడికి పోతున్నాయి?" మొదటి ప్రశ్న మేం 1978లో అడగలేదు, దాని ఫలితం ఉయ్యాలలో పడింది. రెండో ప్రశ్న భట్టిప్రోలులో ఎవరూ అడగలేదు, దాని ఫలితం రోడ్డు మీద పడింది.

అడగడానికి ఇంజనీరింగు చదవనక్కర్లేదు. బియ్యంలో రాయి ఏరేవాళ్ళకు, రాళ్ళలో ఉప్పు ఏరడం అసాధ్యమేమీ కాదు. ఆ కప్పు కింద పడుకునేది మన పిల్లలు కదమ్మా!

సెలవు.